పిట్ట కబురు నుంచి పక్షి రికార్డు దాకా: ఒక వలస కాలపు ప్రాజెక్టు డైరీ

పక్షులు చూసేవాళ్ళ చిన్న గుంపు ఒకటి ఉండి, "ఇవాళ ఇది కనిపించింది" అన్న మెసేజ్‌లు వందల్లో పోగుపడి, వాటితో ఏం చెయ్యాలో తోచక వదిలేసినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మేం పెట్టుకున్న పని: పాత మెసేజ్‌లు ఏరి, చెరువు చుట్టుపక్కల ఏ వలస పక్షి ఎప్పుడొస్తుంది, ఎప్పుడు పోతుంది, ఏది నిజంగా అరుదు అన్నది చెప్పగల పట్టిక తయారుచెయ్యడం. సగం పని రెండోసారి చెయ్యాల్సొచ్చింది. కింద ఎక్కువగా ఉండేది ఆ సగం గురించే.

సామాను: ఒక స్ప్రెడ్‌షీట్, 8×42 బైనాక్యులర్స్, గుంపుకంతటికీ కలిపి ఒక స్పాటింగ్ స్కోప్, ఎవరి కెమెరాలు వాళ్ళవి, ఫోన్లు. ఈ పని కోసం కొత్తగా కొన్నదేమీ లేదు.

దశ 1: పాత మెసేజ్‌లు ఏరడం (ఆగస్టు)

రెండు శీతాకాలాల మెసేజ్‌లు దించి, పక్షి పేరో ఫొటోనో ఉన్నవన్నీ ఒక్కో వరుసగా ఎక్కించాం. 618 రిపోర్టులు వచ్చాయి.

మొదటి దెబ్బ ఫొటోల దగ్గరే తగిలింది. మెసేజింగ్ యాప్‌లో ఫొటోగా పంపితే ఫైలు కుదించుకుపోవడమే కాదు, ఎప్పుడు తీశారు, ఎక్కడ తీశారు అన్న సమాచారం కూడా ఊడిపోతుంది. మనకు మిగిలేది మెసేజ్ వచ్చిన తేదీ ఒక్కటే. ఆదివారం తీసి బుధవారం పంపేవాళ్ళున్నారు. పోయినేడాది ఫొటోని ఇవాళ గుడ్ మార్నింగ్‌తో పంపేవాళ్ళూ ఉన్నారు. రెండో రకం మహా ప్రమాదం, ఎందుకంటే ఫొటో శుభ్రంగా ఉంటుంది, పక్షి పేరు కరెక్టు, తేదీ మాత్రం పూర్తిగా తప్పు.

ఒరిజినల్ ఫైళ్ళు మళ్ళీ అడిగాం. అవి వచ్చాక ఇంకో తలనొప్పి బయటపడింది: కెమెరా గడియారాలు. చాలామంది కెమెరా కొన్నరోజు పెట్టిన టైమే ఇప్పటికీ నడుస్తోంది. బ్యాటరీ పూర్తిగా అయిపోయినప్పుడు ఫ్యాక్టరీ తేదీకి వెళ్ళిపోయినవీ ఉన్నాయి. సరిచేసిన పద్ధతి ఇది:

1. ఫోన్‌లో సెకన్లతో సహా గడియారం తెరవాలి.
2. కెమెరాతో దాన్ని ఫొటో తియ్యాలి.
3. ఫొటోలో కనిపిస్తున్న టైముకీ, ఫైలులో నమోదైన టైముకీ తేడా చూడాలి.
4. ఆ తేడాను కెమెరా పేరు మీద రాసిపెట్టి, పాత ఫొటోలన్నిటికీ కలపాలి లేదా తీసెయ్యాలి.
5. ప్రతి సీజన్ మొదట్లో మళ్ళీ చూసుకోవాలి.

తేడాలు 4 నిమిషాల నుంచి మొదలయ్యాయి. ఒక కెమెరా సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు వెనక ఉంది, అంటే అంతర్జాతీయ సమయం మీద నడుస్తోందన్నమాట. గంటల తేడాయే కదా అనుకోకండి. తెల్లవారి ఐదింటికి తీసిన ఫొటో ముందురోజు రాత్రి పదకొండున్నరకి పడుతుంది. తేదీ మారిపోయింది.

ఇప్పటికి: రిపోర్టులు 618. తేదీ నమ్మదగ్గవి 391. చోటు కూడా తెలిసినవి 287.

చోటు లేకుండా పోయిన ఆ నూటనాలుగు రిపోర్టుల్లో చాలావాటిలో "మామూలు చోటే" అని ఉంది. ఎవరి మామూలు చోటో వాళ్ళకే తెలియాలి.

దశ 2: జూన్‌లో సూదితోక బాతులు

నెలలవారీగా లెక్క తీస్తే సూదితోక బాతులు, అంటే పిన్‌టెయిల్స్, జూన్‌లో కనిపించాయని వచ్చింది. ఇవి ఉత్తరాన రష్యా, మధ్య ఆసియా వైపు గుడ్లు పెట్టి, చలికాలానికి మన చెరువులకు దిగే బాతులు. జూన్‌లో ఒక్కటి కనిపిస్తే దెబ్బతిని ఎగరలేక ఆగిపోయిందేమో అనుకోవచ్చు. మా పట్టికలో గుంపులు గుంపులుగా ఉన్నాయి. మార్చిలో దిగిపోయిన స్వాలోలు, ఆగస్టులో వెళ్ళిపోయిన వాగ్‌టెయిల్స్ కూడా.

నాలుగైదు ఒరిజినల్ మెసేజ్‌లు తీసి చూస్తే గుట్టు తెలిసింది. స్ప్రెడ్‌షీట్ సెట్టింగ్ అమెరికా పద్ధతిలో ఉంది. 06/12 అని టైపు చేస్తే డిసెంబరు 6 కాస్తా జూన్ 12 అయిపోయింది. ఇందులో ఇంకో కిటుకుంది: 12వ తేదీ దాటినవాటిని అది మార్చలేదు, ఎందుకంటే పదమూడో నెల లేదు. కాబట్టి ప్రతి నెల మొదటి పన్నెండు రోజుల రికార్డులే చెడ్డాయి, మిగతావి బాగానే ఉన్నాయి. అందుకే పైపైన చూసినప్పుడు దొరకలేదు.

మార్పు: తేదీకి ఒక గడి బదులు మూడు గడులు. సంవత్సరం, నెల, రోజు. నెల అంకెల్లో కాదు, "డిసెం" అని జాబితాలోంచి ఎంచుకోవాలి. చూడ్డానికి చాదస్తంగా ఉంటుంది గానీ ఆ తర్వాత ఇలాంటి తప్పు ఒక్కటీ రాలేదు.

అయితే ఈ ఊపులో జూన్ రికార్డులన్నీ కొట్టెయ్యబోయి ఆగాం. నీళ్ళ అంచున తిరిగే చిన్న ఉల్లంకి జాతుల్లో తొలి ఏడాది పిల్లపక్షులు చాలాసార్లు ఉత్తరానికి వెళ్ళకుండా వేసవంతా దక్షిణానే ఉండిపోతాయి. గుడ్లు పెట్టే వయసు రాలేదు, అంతదూరం ఎగిరి చేసేదేముంది? ఆ ఉల్లంకుల్లో ఒకటైన లిటిల్ స్టింట్ జూన్‌లో కనిపించిన రెండు రికార్డులు ఫొటోతో సహా నిలబడ్డాయి. సీజన్ కాని సీజన్‌లో వచ్చిన రిపోర్టును చెరిపెయ్యకూడదు, రంగు మార్చి పక్కన పెట్టుకోవాలి. ఇప్పుడు పట్టికలో అలాంటివి పసుపు రంగులో ఉంటాయి.

దశ 3: ఒక్క పిట్ట, తొమ్మిది రిపోర్టులు

పొన్నంగి పిట్ట, అదే ఇండియన్ పిట్టా, రాత్రిపూట ప్రయాణిస్తుంది. మధ్య భారతంలో, హిమాలయాల దిగువన వర్షాకాలంలో గుడ్లు పెట్టి, చలికాలానికి దక్షిణానికీ శ్రీలంకకీ వస్తుంది. దారిలో అలిసిపోయి ఇళ్ళ వాకిళ్ళలో, వరండాల్లో దిగడం మామూలే. మా దగ్గరా ఒకటి ఒక పెరట్లో దిగింది. ఆకుపచ్చ వీపు, కంటి మీదుగా నల్లపట్టీ, తోక కింద ఎరుపు. చూస్తే ఫొటో తియ్యకుండా ఎవరాగుతారు? ఆ వారంలో తొమ్మిది రిపోర్టులు. పాత పద్ధతిలో చూస్తే ఆ ఏడాది పొన్నంగి పిట్టలు విరగబడి వచ్చినట్టే.

కలిపే నియమం ఇలా పెట్టుకున్నాం:

1. అదే జాతి, అదే చోటు, వారంలోపు మళ్ళీ రిపోర్టు అయితే అది ఒకే సంఘటన.
2. సంఘటనకి మొదటి తేదీ, చివరి తేదీ రెండూ రాయాలి.
3. ఒకేసారి కనిపించిన అత్యధిక సంఖ్యనే సంఖ్యగా వేసుకోవాలి. కూడికలు వద్దు.
4. మగ, ఆడ, పిల్ల అన్న తేడా ఫొటోలో స్పష్టంగా ఉంటే వేరే సంఘటన.

వారం అన్నది మొదట మూడు రోజులుగా పెట్టాం. బార్‌హెడెడ్ గూస్ అనే పెద్ద వలస బాతుల గుంపు దగ్గర అది పనికిరాలేదు. పగలు చెరువులో ఉంటాయి, చీకటి పడ్డాక పొలాల్లోకి మేతకి వెళ్తాయి, రెండు మూడు రోజులు ఎవరి కంటా పడవు, మళ్ళీ వస్తాయి. మూడు రోజుల లెక్కన ఒకే గుంపు నాలుగు గుంపులైంది.

ఇప్పటికి: చోటు, తేదీ ఉన్న రిపోర్టులు 287. కలిపాక మిగిలిన సంఘటనలు 164.

దశ 4: పేరు తేల్చడం

ఎక్కువ కాలం పట్టింది ఇక్కడే. 618 రిపోర్టుల్లో "సైబీరియా" అన్న మాట 23 చోట్ల ఉంది. అన్నీ ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్ల కొంగలు, గూడబాతులే. తేలినీలాపురం, వీరాపురం వైపు గూళ్ళు కట్టే కొంగలను కూడా సైబీరియా పక్షులనడం అలవాటైపోయింది. అవి ఈ ఉపఖండంలోనే, నీళ్ళనూ చేపలనూ బట్టి చోట్లు మారే పక్షులు. అసలు సైబీరియన్ క్రేన్ చలికాలానికి మన దేశానికి వచ్చి కనిపించడం 2002తో ఆగిపోయింది, అదీ రాజస్థాన్‌లో భరత్‌పూర్ దగ్గర కేవలాదేవ్‌లో. ఆ 23నీ సరైన పేర్ల కిందకి మార్చాం.

ఇక "అరుదైన పక్షి" అని వచ్చినవాటిలో మళ్ళీ మళ్ళీ తేలినవి ఇవి: ఆడ కోయిల ("మచ్చల గద్ద" అని), పాక్షికంగా తెల్లబడిన గోరింక ("కొత్త జాతి" అని), పెళ్ళి రంగులకొచ్చిన మగ గిజిగాడు ("పసుపు తల పిట్ట, ఎక్కడిదో" అని), పంజరం నుంచి తప్పించుకున్న బడ్జరిగార్ అనే పెంపుడు చిలుక. పంజరం పక్షిని పట్టించేవి: కాలికి రింగు, రాసుకుపోయి చిందరైన తోక ఈకలు, మనిషికి బెదరకపోవడం. రింగు ఉందంటే పంజరం పక్షేనని తేల్చెయ్యకూడదు. పరిశోధకులు వేసే రింగులు, రంగు జెండాలు, మెడపట్టీలు వేరే. మంగోలియాలో మెడపట్టీ వేసిన బార్‌హెడెడ్ గూస్‌లు దక్షిణ భారతంలో కనిపించిన రికార్డులున్నాయి. పట్టీ రంగు, దాని మీది అక్షరం, అంకె, ఏ కాలు అన్నది చదివి రాసుకుంటే ఒక్క ఫొటోతో వేల కిలోమీటర్ల కథ తెలుస్తుంది.

అక్టోబరు బాతులు ఇంకో చిక్కు. మగ బాతులు ఈకలు రాల్చుకుని కొంతకాలం ఆడవాటిలాగే మట్టిరంగులో ఉంటాయి. రంగు చూసి పేరు పెట్టేవాళ్ళందరూ అక్టోబరులో ఇబ్బంది పడతారు. ముక్కు ఆకారం, రెక్క మీది అద్దం పట్టీ చూడాలి.

మేం నిజంగా టెన్షన్ పడింది మాత్రం స్పూన్ బిల్డ్ శాండ్‌పైపర్ దగ్గర.

ఇది ప్రపంచంలోనే అంతరించే దశకి అతి దగ్గర్లో ఉన్న పక్షుల్లో ఒకటి. రష్యా ఈశాన్య కొసన గుడ్లు పెట్టి, చలికాలానికి మయన్మార్, బంగ్లాదేశ్, థాయ్‌లాండ్ తీరాలకొస్తుంది. ఒక సభ్యుడు పాత ఫోల్డర్లోంచి ఫొటో పంపాడు. "అన్నా, ముక్కు చివర గరిటెలా ఉంది చూడు" అని. చూశాం. ఉంది. బూడిదరంగు చిన్న పక్షి, నల్ల కాళ్ళు, నల్ల ముక్కు, చివర వెడల్పు. ఆ రాత్రి గ్రూపులో ఎవరూ పడుకోలేదు.

ఒరిజినల్ బర్స్ట్ అడిగితే వరస ఫ్రేములు వచ్చాయి. అందులో నాలుగో ఫ్రేము మాకు పంపినది. ఆరో ఫ్రేములో పక్షి ముక్కు నీళ్ళలో ముంచింది. ఏడో ఫ్రేములో ముక్కు సన్నగా, సూటిగా, శుభ్రంగా ఉంది. గరిటె మొత్తం బురద. మామూలు లిటిల్ స్టింట్.

అదే బురద కాళ్ళకి అంటితే వేరే తప్పు వస్తుంది. లిటిల్ స్టింట్‌కి నల్ల కాళ్ళు, టెమ్మింక్స్ స్టింట్‌కి పసుపాకుపచ్చ కాళ్ళు. పసుపు కాళ్ళకి నల్లబురద పూసుకుంటే పేరు మారిపోతుంది. కాళ్ళు నమ్మకుండా తోక అంచులు చూడాలి: ఎగిరేటప్పుడు టెమ్మింక్స్ తోక రెండు అంచులూ తెల్లగా మెరుస్తాయి, లిటిల్ స్టింట్‌వి బూడిదరంగు.

దీని తర్వాత పెట్టుకున్న నియమాలు:

1. అరుదైన జాతికి ఒక్క ఫ్రేము చాలదు. వరసగా మూడు కావాలి, కనీసం రెండు భంగిమల్లో.
2. క్రాప్ చెయ్యని ఒరిజినల్ కావాలి. పక్కన ఇంకో తెలిసిన పక్షి ఉంటే సైజు తెలుస్తుంది.
3. ఇద్దరు విడివిడిగా పేరు చెప్పాలి, ఒకరి జవాబు ఇంకొకరు చూడకముందే.
4. ఎవరు చూశారన్నది పరిశీలించేవాళ్ళకి కనపడకూడదు.

నాలుగోది పెట్టేముందు గ్రూపులో గొడవైంది. "మాస్టారు గారు ముప్పై ఏళ్ళ నుంచి చూస్తున్నారు, ఆయన చెప్పినదాన్ని కూడా పరీక్షిస్తారా?" అని. ఆ మాస్టారే, "నా కళ్ళకు కూడా వయసొచ్చిందయ్యా, పరీక్షించండి" అనడంతో గొడవ సద్దుమణిగింది.

గ్రేడ్లు: ఎ అంటే ఫొటో లేదా రికార్డింగ్ ఉండి ఇద్దరూ ఒకే పేరు చెప్పినది. బి అంటే ఆధారం లేదు, వర్ణన మాత్రం సరిపోతోంది. సి అంటే తేలలేదు. సి అంటే అబద్ధమని కాదు. ఈ ముక్క రిపోర్టు పంపినవాళ్ళకి వెంటనే చెప్పకపోతే మనుషులు దూరమవుతారు.

ఇప్పటికి: సంఘటనలు 164. ఎ 97, బి 41, సి 26.

దశ 5: ఆదివారం వలస

ఎ, బి కలిపి 138 రికార్డులతో 14 వలస జాతులకి రాక తేదీలు తీశాం. రెండు సీజన్లు కాబట్టి 28 "మొదటి తేదీలు". రోజా రంగు గోరింక, అంటే రోజీ స్టార్లింగ్, రెండేళ్ళ మధ్య ఇరవై రెండు రోజుల తేడాతో వచ్చింది. వాతావరణం మారుతోందా, వానలు ఆలస్యమయ్యాయా అని చర్చ మొదలైంది.

అప్పుడు ఒకరు తేదీల పక్కన వారం పేరు వేశారు. 28లో 21 శని, ఆదివారాలు. వారంలో రెండు రోజులు కాబట్టి ఎనిమిది దాకా రావడం సహజం. పక్షులకి సెలవులుండవు. సెలవు మాకు. మేం వెళ్ళినరోజే అవి "వచ్చాయి". ఆ ఇరవై రెండు రోజుల్లో మూడు వారాంతాలు వానకి ఎవరూ బయటికి పోలేదని కూడా తర్వాత తేలింది.

అసలు లోపం ఫొటోల్లోనో పేర్లలోనో లేదు. కనిపించినరోజు రాశాం, వెళ్ళి చూసి కనిపించనిరోజు రాయలేదు. ఆ ఖాళీ లేకపోతే రాకకి అర్థం లేదు. రెండు సీజన్ల మెసేజ్‌ల నుంచి రాక తేదీలు తియ్యడం అక్కడితో మానేశాం. అరుదైన పక్షుల జాబితాకి మాత్రం ఆ 138 పనికొస్తాయి.

చాతకం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. తొలకరితో పాటు ఆఫ్రికా నుంచి వస్తుందని అందరూ రాస్తారు. ఉత్తర, మధ్య భారతానికొచ్చేవాటి విషయంలో అది నిజమే. దక్షిణ భారతంలో, శ్రీలంకలో మాత్రం ఏడాదంతా ఉండే చాతకాలు వేరే ఉన్నాయి. మా పాత పట్టికలో చాతకం రాక జూన్ రెండో వారం అని ఉంది. ఫిబ్రవరిలో తీసిన ఫొటో ఒకటి బయటికొచ్చాక ఆ వరుస కొట్టేశాం. జూన్‌లో వాన పడగానే అందరూ చాతకం కోసం వెతుకుతారు, అందుకే జూన్‌లో దొరుకుతుంది.

దశ 6: నిర్ణీత చోట్లు, నిర్ణీత సమయం (సెప్టెంబరు నుంచి)

కొత్త పద్ధతి:

1. నాలుగు చోట్లు: చెరువు గట్టు, బురద నేల, పొదల అంచు, పాత మామిడితోట.
2. ఒక్కో చోట వారానికి రెండుసార్లు, ఒకటి మామూలు పనిరోజు, ఒకటి వారాంతం.
3. నిలబడి 15 నిమిషాలు. గడియారం చూసుకుని.
4. చూసినవి, విన్నవి, గుర్తించగలిగినవన్నీ రాయాలి. కాకినీ వదలకూడదు.
5. ఒక్క వలస పక్షీ లేకపోయినా జాబితా పంపాల్సిందే.

పక్షుల రికార్డులు ఎక్కించే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో దీన్నే కంప్లీట్ చెక్‌లిస్టు అంటారు. మేం నేరుగా అందులోనే ఎక్కించాం. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2002లో మొదలుపెట్టిన ఈ వేదికలో ప్రాంతాన్నీ నెలనూ బట్టి ప్రతి జాతికీ ఒక పరిమితి ఉంటుంది. దాటితే "ఇది అసాధారణం, వివరం రాయండి" అని ఆపుతుంది. మన సొంత స్ప్రెడ్‌షీట్ అలా అడగదు. అసాధారణం మూడు రకాలని మాకు అర్థమైంది కూడా అక్కడే: ఈ ప్రాంతానికి కానిది, ఈ నెలకి కానిది, ఇంత సంఖ్యలో ఉండకూడనిది.

ఐదో నియమం అమలవడానికి నెల పట్టింది. "ఏమీ లేదు సార్, ఏం పంపను?" అనేవాళ్ళు. ఖాళీ జాబితాలకి గ్రూపులో ముందు ధన్యవాదాలు చెప్పడం మొదలుపెట్టాక దారికొచ్చింది.

రాకని ఇప్పుడు మొదటి తేదీతో కొలవడం లేదు. వారంలో వచ్చిన జాబితాల్లో ఎన్నింటిలో ఆ పక్షి ఉందో చూస్తున్నాం. రోజీ స్టార్లింగ్ ఇలా కనిపించింది:

సెప్టెంబరు రెండో వారం: 8లో 0
మూడో వారం: 8లో 1
నాలుగో వారం: 7లో 2
అక్టోబరు మొదటి వారం: 8లో 5
రెండో వారం: 8లో 7

వరసగా రెండు వారాలు సగానికి పైగా ఉంటే "వచ్చింది" అంటున్నాం. మూడో వారంలో కనిపించిన ఆ ఒక్కటి తొందరపడినదే కావచ్చు, దాన్ని వదిలెయ్యట్లేదు, కానీ దాంతో సీజన్ మొదలుపెట్టట్లేదు.

సంఖ్య దగ్గర ఒక పరీక్ష పెట్టుకున్నాం. సాయంత్రం తుమ్మచెట్ల మీద వాలే స్టార్లింగ్ గుంపుని ముగ్గురు చూసి అంచనా చెప్పారు: 400, 700, 2,000. అదే క్షణం తీసిన ఫొటోని పెద్దది చేసి పక్షి పక్షికీ చుక్క పెడుతూ లెక్కిస్తే 1,140. ఆ తర్వాత 50 పక్షుల ముద్ద ఎంత ఉంటుందో కంటికి అలవాటు చేసుకుని, గుంపులో అలాంటి ముద్దలెన్నో లెక్కపెట్టాం. తేడా బాగా తగ్గింది. ఇప్పుడు 200 దాటితే ఫొటో తప్పనిసరి.

డిసెంబరు చివరికి: అనుకున్న జాబితాలు 128. వచ్చినవి 103.

దశ 7: చెవులు

పొదల్లో దాగి "చక్, చక్" అనే బ్లిత్స్ రీడ్ వార్బ్లర్ కంటికన్నా చెవికే ఎక్కువ దొరుకుతుంది. కాబట్టి ధ్వని రికార్డులు తీసుకోవడం మొదలుపెట్టాం. ముందు వాయిస్ మెసేజ్‌లతో చేశాం, పనికిరాలేదు. అవి మనిషి మాట కోసం కుదించినవి, పిట్ట అరుపులోని సన్నని పైస్థాయి పోతుంది. ఫోన్ రికార్డర్లో వేవ్ ఫార్మాట్ పెట్టి, ఫైలుగా పంపించుకుంటున్నాం.

అరుపు విని పేరు చెప్పే యాప్ ఒకటి వాడాం. ఉపయోగమే. కానీ మామిడితోటలో వరసగా శిక్రా డేగ అని చూపించింది, మనిషి కంటికి డేగ కనపడలేదు. చివరికి అరుస్తున్నది తీగ మీద కూర్చున్న ఏట్రింత పిట్ట అని తేలింది. ఏట్రింత శిక్రా గొంతు చక్కగా అనుకరిస్తుంది. యాప్ విన్నది తప్పు కాదు, అరిచినవాడు దొంగ. యాప్ పేరు చెప్పిందన్నంత మాత్రాన ఇప్పుడు బి గ్రేడు కూడా ఇవ్వం. రికార్డింగ్ ఉండాలి, లేదా పక్షిని చూడాలి.

దశ 8: తుఫాను తర్వాత

ఇది ప్లానులో లేదు. తుఫాను తీరం దాటాక సముద్రం మీద బతికే పక్షులు గాలికి కొట్టుకొచ్చి లోపలి చెరువుల్లో పడతాయి. గట్టు మీద రెక్కలు వాలేసి కూర్చున్న ఒక టర్న్ దొరికింది. పైన నలుపు, కింద తెలుపు, నుదుటి మీద తెల్ల మచ్చ. సూటీ టర్నా, బ్రైడిల్డ్ టర్నా అన్నది ఆ నుదుటి మచ్చతోనే తేలింది. బ్రైడిల్డ్‌కి తెలుపు సన్నటి కనుబొమలా కంటి వెనక దాకా పోతుంది. దీనికి కంటి దగ్గరే ఆగింది. సూటీ టర్న్, ఎ గ్రేడు, సీజన్లో మా మొదటి సముద్ర పక్షి.

చెయ్యాల్సినవి: గాలి తగ్గాక, వెళ్ళడం క్షేమమైతేనే, గట్టు చుట్టూ తిరగాలి. అలిసిన పక్షిని గాలి ఆడే అట్టపెట్టెలో, చీకట్లో, సద్దు లేకుండా ఉంచి అటవీశాఖకి ఫోన్ చెయ్యాలి. నోట్లో నీళ్ళు పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. సెల్ఫీలు అసలే వద్దు.

దశ 9: చోటు దాచడం

రాతి గుట్ట దగ్గర పెద్ద గుడ్లగూబ గూడు ఒకటి రిపోర్టయింది. మ్యాప్ పిన్ గ్రూపులో పడింది. వారం తిరక్కుండానే కెమెరాల గుంపు చేరింది, ఒకరిద్దరు ఫోన్లో గుడ్లగూబ అరుపు పెట్టారట. జంట ఆ గుట్ట వదిలేసింది. తప్పొప్పుల మాట ఎలా ఉన్నా, పిన్ ఉన్నంతకాలం ఇది మళ్ళీ జరుగుతుంది.

మార్పులు: గూళ్ళు, గుడ్లగూబలు, గుంపుగా నిద్రపోయే చోట్ల అసలు స్థానం ఇద్దరి దగ్గరే ఉంటుంది. అందరికీ పంచే పట్టికలో అక్షాంశం, రేఖాంశం దశాంశం తర్వాత ఒక్క అంకె దాకానే, అంటే దాదాపు 11 కిలోమీటర్ల చదరం. రెండు అంకెలు ఉంచితే కిలోమీటరు చిల్లరకి తగ్గిపోతుంది, గుట్ట పేరు తెలిసినవాడికి అది చాలు. గూడు రికార్డులు పిల్లలు ఎగిరిపోయాకే బయటికి.

మార్చి చివరికి లెక్క

జాబితాలు: అనుకున్నవి 240, వచ్చినవి 189.
పాత మెసేజ్‌ల నుంచి నిలిచిన రికార్డులు: 138.
కొత్త సీజన్లో విడిగా వచ్చిన అసాధారణ రిపోర్టులు: 52. అందులో ఎ 31, బి 12, సి 9.

పాతవాటిలో సి గ్రేడు దాదాపు ఆరింట ఒకటి, కొత్తవాటిలోనూ అంతే. తగ్గుతుందనుకున్నాం, తగ్గలేదు. ఆధారాలు మెరుగయ్యాయి గానీ, అడిగే ప్రశ్నలు కూడా కఠినమయ్యాయి.

తేలకుండా ఉన్నది ఒకటుంది. నవంబరులో సాయంత్రం ఆకాశంలో గుంపుగా పోయిన చిన్న డేగలు. చూసినవాళ్ళు అమూర్ ఫాల్కన్లు అన్నారు. ఈశాన్య ఆసియా నుంచి నాగాలాండ్ మీదుగా, దక్కను దాటి, అరేబియా సముద్రం మీదుగా ఆఫ్రికాకి పోయే దారిలో నవంబరు సరిగ్గా సరిపోతుంది. ఫొటోలో నల్ల నీడలు తప్ప ఏమీ లేవు. రెక్క కింద తెలుపు ఉందా లేదా అన్నది ఒక్కటే తేల్చాలి. సి లోనే ఉంది. ఎవరి దగ్గరైనా ఆ సాయంత్రం తీసిన క్రాప్ చెయ్యని ఫ్రేములు ఉంటే డాక్యుమెంటుగా పంపండి. కెమెరా గడియారం ఫొటోతో సహా.